నర్సాపురం లేసు కొనేటప్పుడు అల్లిన ఆవిడకి డబ్బు చేరాలంటే

నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో వంట పని అయ్యాక అరుగు మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లని చూసి "ఏదో ఖాళీగా ఉండక చేస్తున్నారు" అనేస్తారు చాలామంది. ముందు ఆ మాట మానేయండి. అది నేర్పు కావాల్సిన పని, ఈ లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతానికే ప్రత్యేకం అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది.

కొనేముందు ముక్కని తిరగేసి చూడండి. చేత్తో అల్లినదైతే నూలు కొసలు లోపలికి దాచిన చోటు వేలికి తగులుతుంది, పువ్వుకీ పువ్వుకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మిషన్‌దైతే అన్నీ అచ్చు గుద్దినట్టే.

తర్వాత, అల్లినావిడకి ఎంత ముట్టిందో అడగండి. చాలాచోట్ల ఏజెంటు నూలిచ్చి, ముక్కకింత అని కూలి కట్టి పట్టుకుపోతాడు, ఆ టేబుల్ క్లాత్ చివరికి ఎంతకి అమ్ముడైందో ఆవిడకి తెలియనే తెలియదు. అందుకే వీలైతే మహిళా సంఘాల దగ్గర నేరుగా కొనండి, ఆర్డరిస్తే సగం డబ్బు ముందే ఇవ్వండి, ఎన్ని గంటలు పట్టిందో అడిగి ఆ కష్టానికి సరిపడా ధర కట్టండి. దయచేసి బేరమాడకండి.

మీకు తెలిసిన అల్లికావిడ ఉంటే పహచాన్ కార్డుకి దగ్గరుండి అప్లై చేయించండి. కేంద్ర జౌళి శాఖ కింది హస్తకళల కమిషనర్ ఆఫీసు ఇస్తుంది. హస్తకళాకారిణి అని ఆవిడ పేరు మీద ఒక కాగితం ఉండటం చిన్న విషయం కాదు. బ్యాంకు ఖాతా కూడా భర్త పేరున కాకుండా ఆవిడ పేరునే తెరిపించండి.

ఫొటో ఆన్‌లైన్‌లో పెడుతుంటే, ఆవిడని అడిగి, పేరు కూడా రాయండి.