సంపెంగ పూయదు, ఆకు పసుపెక్కింది, గాలికి ఒరిగింది: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో కాస్త పెరడు ఉంటే చాలు, ఓ సంపెంగ పెట్టాలని ఉంటుంది. సింహాచలం సంపెంగల వాసన ఎరిగినవాళ్లయితే మరీను. కానీ ఇది అడవిలో నూరడుగులు దాటి పెరిగే చెట్టు. ఇంటి దగ్గర కూడా నలభై అడుగులకు వెళ్లడం మామూలే. దీని జబ్బు ఆకు మీద కనిపిస్తుంది గానీ, చాలావరకు మొదలయ్యేది గొయ్యిలోనే. మందు సీసా కొనేముందు గునపం తీయండి.

ఏళ్లు గడిచాయి, పూత లేదు

ముందు అది సంపెంగేనా చూడండి. ఒడియా నర్సరీలో ఊరికే ‘చంపా’ అని అడిగితే కాఠచంపా చేతికి రావచ్చు. అది మన దేవగన్నేరు, ఆకు తుంచితే పాలు కారుతుంది. తీగలా పాకి, కొక్కేల్లాంటి కాడలతో పట్టుకుంటోందంటే అది మనోరంజితం.

సంపెంగే అయితే, గింజ మొక్కా అంటు మొక్కా అన్నది తేల్చండి. అంటు మొక్కకు మొదట్లో, నేలకు జానెడు ఎత్తులో, కాండం చిన్న వంపు తిరిగి గాటు మచ్చ ఉంటుంది. అంటు రెండు మూడేళ్లకు పూస్తుంది. గింజ మొక్కకు ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఐదేళ్ల గింజ మొక్క పూయలేదంటే దానికి రోగమేమీ లేదు, మీకు ఓపిక కావాలంతే.

అంటు పెట్టి నాలుగేళ్లయినా పూయకపోతే అంటు మచ్చ కింద నుంచి లేచిన కొమ్మ ఉందేమో వెతకండి. అది గింజ మొక్క తాలూకు కొమ్మ. బలంగా నిటారుగా ఎదిగి పైనున్న అంటును మింగేస్తుంది. రెండూ సంపెంగలే కాబట్టి ఆకు చూసి పోల్చలేం, ఎక్కడ నుంచి మొలిచిందో వేలితో తడుముకుంటూ వెళ్లి చూడాలి. మచ్చ కింద ఉన్నదాన్ని మొదలంటా తీసేయండి.

ఇంకో రెండు కారణాలు. ఒకటి యూరియా. చుట్టూ ఉన్న గడ్డికి చల్లింది దీనికీ అందుతుంది. కొమ్మలు పొడుగ్గా, ఆకులు అరచేతికి రెండింతలుగా వస్తాయి, మొగ్గ రాదు. యూరియా పూర్తిగా ఆపి, వానల మొదట్లో చెట్టుకు పది కిలోల చివికిన గత్తం, అరకిలో వేపపిండి ఇస్తే చాలు. రెండోది కత్తిరింపు. మొగ్గలు ఆకు పంగల్లో, కొమ్మ చివరల దగ్గర వస్తాయి. గుండ్రంగా ఉండాలని చివర్లు కోసేస్తే ఆ పూతను కోసేసినట్టే. ఎండ రోజుకు ఆరుగంటలు తగలకపోయినా పూత పలచనే.

లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

ఇది ఇనుము లోపం. గజపతి, రాయగడ ఎర్రమట్టికి ఎరుపునిచ్చేదే ఇనుము, అందులో ఇనుము లోపమంటే నమ్మబుద్ధి కాదు. లోపం మట్టిలో కాదు, వేరు దాన్ని పీల్చలేకపోవడంలో ఉంది. సంపెంగకు కాస్త పులుపు గుణం ఉన్న నేల కావాలి, పీహెచ్ ఆరు దరిదాపుల్లో. కొత్తగా ఇల్లు కట్టినచోట గోడ పక్కన సిమెంటు ముక్కలు, సున్నం, తాపీవాళ్లు కడిగి పారబోసిన నీళ్లు అన్నీ ఆ మట్టిలోనే ఉంటాయి. సున్నం పెరిగితే ఇనుము వేరుకు అందకుండా బిగిసిపోతుంది.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. మొదలుకు రెండడుగుల దూరంలో జానెడు లోతు మట్టి పిడికెడు తీసి, ఎండబెట్టి, గాజుగ్లాసులో వేసి దాని మీద వెనిగర్ పోయండి. చెవి దగ్గర పెట్టుకుంటే చుర్రుమని వినిపించినా, అంచుల్లో నురగ కట్టినా సున్నం ఉన్నట్టే.

వెంటనే చేయాల్సింది ఆకు మీద పిచికారీ. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వేయండి. నీళ్లు తేట ఆకుపచ్చగా ఉండాలి. తుప్పురంగు తిరిగాయంటే పారబోసి మళ్లీ కలపండి, అది ఆకుకు పనిచేయదు. పొద్దు వాలాక, పది రోజులకోసారి, మూడుసార్లు కొట్టండి. గోడకూ గచ్చుకూ తగిలితే మరక పోదు. కొత్త చిగురు పచ్చగా వస్తుంది, ముదిరిన పసుపు ఆకు మాత్రం పూర్తిగా తిరిగిరాదు.

ఇది తాత్కాలికం. మట్టిలోని సిమెంటు పెళ్లలు ఏరి తీసేసి, పైన నాలుగంగుళాల మందాన ఎండాకు పరిచి ఏడాదంతా కుళ్లనివ్వాలి. జీడిమామిడి ఆకు ఈ ప్రాంతంలో ఊరికే దొరుకుతుంది. అన్నట్టు, ముదురాకులు మాత్రమే పండి రాలుతూ, చివర చిగురు పచ్చగా ఉంటే కంగారు అక్కర్లేదు. చెట్టు ఆకు మారుస్తోంది.

ఆకు అంచు మాడిపోతోంది

గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం తీరం వైపు ఇది ఎక్కువ. ఉప్పుగాలి, ఉప్పుబోరు రెండూ కలిసి చేసే పని. గంజాం తీరంలో మొగలి పొదలు హాయిగా పెరుగుతాయి, మొగలికి పడే ఆ ఉప్పు సంపెంగకు పడదు. ఇంటి పడమటి పక్కో, సముద్రగాలికి అడ్డుగా ఏదైనా గోడ ఉన్నచోటో పెట్టండి. ఎండల్లో రోజూ కాసిని నీళ్లు పోస్తే ఉప్పు పైపొరలోనే పేరుకుంటుంది. నాలుగు రోజులకోసారి లోతుగా తడపండి. డాబా మీది వాననీటి గొట్టాన్ని పాదు వైపు మళ్లిస్తే వానాకాలంలో ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. పొటాష్ వేయాలనుకుంటే మ్యూరియేట్ వద్దు, అందులో క్లోరైడ్ ఉంటుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీసుకోండి.

వానల్లో ఉన్నట్టుండి వాడిపోయింది

నేల తడిగా ఉంది, ఆకు మాత్రం వేలాడిపోయింది. నీళ్లు చాలలేదనుకుని ఇంకో బిందె పోస్తారు, చెట్టు పోయేది దాంతోనే. ఓ పక్క తవ్వి సన్నవేరు తీసి చూడండి. నల్లబడి, లాగితే పైతొక్క ఊడి దారం మిగిలితే వేరుకుళ్లు.

కారణాలు రెండు. వరిమడి పూడ్చిన స్థలమైతే కింద నీళ్లు నిలుస్తాయి. ఎర్రనేల అయితే రెండడుగుల కింద రాతిపొర తగులుతుంది. అక్కడ తవ్విన గొయ్యి గొయ్యి కాదు, కన్నం లేని కుండీ. నాటేముందే గొయ్యి నింపి చూడండి, మర్నాటికీ నీళ్లు ఇంకకపోతే ఆ చోటు పనికిరాదు. రాతిపొరైతే గునపంతో అడుగు పగలగొట్టి ఆవలి మట్టి తగిలించండి. పల్లమైతే ఒకటిన్నర అడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి.

నర్సరీ మొక్క వేర్ల చుట్టూ జిగట నల్లమట్టి ముద్ద ఉంటే అదీ తిప్పలే. చుట్టూ ఇసుకమట్టి ఆరిపోతుంది, ముద్ద లోపల తడి నిలిచి వేరు బయటకు రాదు. బకెట్ నీళ్లలో నానబెట్టి పైఅంగుళం మట్టిని పుల్లతో మెల్లగా రాల్చండి.

కాస్త వాడినదైతే నీళ్లు పక్కకు పోయేలా కాలువ తీసి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలంతా తడపండి. పది రోజులకు మళ్లీ. సగం ఆకు ఎండిపోయాక ఏం పోసినా బతికేది అరుదు.

ఆకు నల్లగా, జిగురుగా ఉంది

మసి ఆకుది కాదు, పొలుసు పురుగు విసర్జించే తీపి జిగురు మీద పెరిగే బూజుది. కొమ్మ అడుగున గోధుమరంగు బొడిపెలు గోటితో గీకితే ఊడతాయి. లీటరుకు వేపనూనె 5 మిల్లీలీటర్లు, సబ్బునీళ్లు 1 మిల్లీలీటరు కలిపి అడుగు తడిసేలా కొట్టండి. కాండం చుట్టూ గుడ్డకట్టి దానికి గ్రీజు రాసి చీమల దారి మూసేయండి, ఆ పురుగుల్ని కాపాడేవి అవే. మసికి పలచని గంజి చల్లితే ఎండకు పొరలా ఎండి, మసితో సహా రాలిపోతుంది.

తుపానుకు ఒరిగింది

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అక్టోబరంటే నేల నాని ఉంటుంది, చెట్టు నిండా ఆకు ఉంటుంది. అప్పుడు పడేది ఎక్కువగా సంచిలో వేరు చుట్టలు తిరిగిన మొక్క. నాటేటప్పుడే ఆ చుట్టల్ని కత్తితో నాలుగు పక్కలా గీసి విప్పాలి. గోడకు పదిహేను, ఇరవై అడుగుల దూరం ఉంచండి. పోటీ పడే రెండు నడికాండాలు ఉంటే చిన్నప్పుడే ఒకటి తీసేయండి.

ఐదారేళ్ల లోపు చెట్టు ఒరిగితే రెండు మూడు రోజుల్లోనే నిలబెట్టాలి. లేచిన వేరు ఎండనివ్వకండి, గోనె కప్పి తడపండి. మూడు వైపులా గుంజలు పాతి, కాండానికి సైకిల్ ట్యూబు చుట్టి కట్టండి. ఏడాది ఉంచండి. పెద్ద చెట్టును తాడేసి లాగితే మిగిలిన వేర్లూ తెగుతాయి.

విరిగిన కొమ్మను కాండానికి మరీ ఆనించి కోయొద్దు, మొదట్లో ఉబ్బిన మెడ వదిలి కోయండి. పెద్దదైతే ముందు అడుగున గాటు పెట్టండి, లేకపోతే బెరడు చీలికగా ఊడొస్తుంది. గాయానికి బోర్డో పేస్టు: మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు అరలీటరు నీటిలో, సున్నం 100 గ్రాములు ఇంకో అరలీటరులో వేరుగా కలిపి, తర్వాత రెండూ ఒకచోట పోయాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుపది వద్దు.

గింజ మొలవలేదు

పాత గింజ అయి ఉంటుంది. సంపెంగ గింజ కొన్ని వారాలకే చచ్చిపోతుంది. కాయ పగిలి ఎర్ర గుజ్జు కనిపించగానే, పిట్టలకంటే ముందు కోసి, గుజ్జును ఇసుకతో రుద్ది కడిగి, ఆ వారంలోనే నీడలో విత్తండి. మొలకకు నెలన్నర, రెండు నెలలు, ఒక్కోసారి మూడు పడుతుంది. నాలుగాకులు రాగానే సంచిలోకి మార్చండి. సంచి లోతు అడుగుకు తగ్గితే తల్లివేరు అడుగున తగిలి చుట్టలు తిరగడం అక్కడే మొదలవుతుంది.