మస్టాంగ్ జీటీ వెనక డిఫరెన్షియల్ సౌండ్: విప్పే ముందు వినండి

ఇది 2005 నుంచి 2014 మోడల్ దాకా వచ్చిన మస్టాంగ్ జీటీల గురించి, అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. వెనక 8.8 ఇంచ్ సాలిడ్ యాక్సిల్ (రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు), దాని మధ్యలో డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, పొట్టిగా డిఫ్), దాంట్లో ట్రాక్-లాక్ లిమిటెడ్ స్లిప్ (ఒక్క టైరే ఊరికే తిరిగిపోకుండా పట్టే క్లచ్) ఉంటాయి. 2016లో ఇండియాలో లాంచ్ అయింది దీని తర్వాతి బాడీ, దానికి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), కాబట్టి కింద యాక్సిల్ షాఫ్ట్ గురించి రాసింది దానికి కుదరదు, సౌండ్ పట్టుకునే పద్ధతి మాత్రం దాదాపు అదే.

సౌండ్ ఎక్కణ్ణుంచి వస్తుందా అని వెతకడం తర్వాత, ముందు ఎప్పుడొస్తుందో చూడండి. నొక్కినప్పుడా, వదిలినప్పుడా, తిప్పినప్పుడా, స్పీడ్‌తో పాటు పెరుగుతుందా అనేది తేలితే సగం పని అయిపోయినట్టే.

అసలు అది డిఫరెన్షియలేనా

60 మైళ్ళ స్పీడ్‌లో వెళ్తూ అదే స్పీడ్ మీద ఒక గేరు తగ్గించండి. సౌండ్ మారకుండా అలాగే ఉంటే డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్ళే రాడ్) నుంచి వెనక భాగంలో ఏదో ఒకటి, మారిపోతే ఇంజన్, ఎగ్జాస్ట్, గేర్‌బాక్స్ వైపు చూడాలి. తర్వాత టైర్లు. డాలస్ చుట్టుపక్కల కాంక్రీట్ ఫ్రీవే మీద గీ పెట్టి, కొత్తగా వేసిన తారు రోడ్డు ఎక్కగానే సౌండ్ సగానికి పడిపోతే అది టైరే, నాలుగూ ఒకే సైజు అయితే ముందువి వెనక్కి మార్చి చూడండి, ఖర్చు లేని టెస్ట్ ఇది. చాలామంది ఇది చెయ్యకుండా డైరెక్ట్‌గా గేర్లు మార్పించేసి, తర్వాత కూడా అదే సౌండ్ వస్తుందని తలపట్టుకుంటారు.

యాక్సిలరేటర్ నొక్కితే కూత, వదిలితే పోతుంది (లేదా తిరగేసి)

ఇది రింగ్ గేరు, పినియన్ కూత (డ్రైవ్‌షాఫ్ట్ తిప్పే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్దది రింగ్ గేరు). మొదట చూడాల్సింది ఆయిల్ లెవెల్. పినియన్ సీల్ దగ్గర తడిగా ఉండి హౌసింగ్ ముందు భాగమంతా మసి పట్టుంటే ఆయిల్ ఎప్పట్నుంచో కారుతున్నట్టే, అప్పుడు సీల్ మార్పించి ఆయిల్ నింపండి. ఒక జాగ్రత్త ఏంటంటే, సీల్ మార్చేటప్పుడు పినియన్ నట్‌ని ఇంపాక్ట్ గన్‌తో బిగించేస్తే లోపలున్న క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగుల బిగుతు సరిచేసే, నలిగే గొట్టం) ఇంకా నలిగిపోయి బేరింగుల మీద లోడ్ ఎక్కువైపోతుంది, అంతకుముందు లేని కూత సీల్ మార్చాక మొదలైందంటే ముందు దీన్నే అనుమానించండి.

డిఫ్ వెనక కవర్ తీశాక లోపలి మాగ్నెట్ మీద చూడండి, బూడిద రంగులో మెత్తగా పేస్ట్ లాగా ఉంటే మామూలే, వేళ్ళ మధ్య నలిపితే గరుకు తగలకూడదు. రేకు ముక్కలు, పెచ్చులు కనిపిస్తే మాత్రం బండి నడపడం ఆపేయండి.

పాత ఓనర్ 3.73 గేర్లో 4.10 గేర్లో (చక్రం ఒక్కసారి తిరిగేలోపు పినియన్ తిరిగే సార్లు ఈ నంబర్) వేయించి ఉంటే అనుమానం సెటప్ మీదకి వెళ్ళాలి, అంటే పినియన్ డెప్త్ (పినియన్ ఎంత లోపలికి కూర్చుంది), బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య ఉండే సందు). పళ్ళకి మార్కింగ్ కాంపౌండ్ రాసి తిప్పితే అచ్చు ఎక్కడ పడుతుందో చూసి షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్చాలి. బ్యాక్‌లాష్ ఎంత ఉండాలో గేర్ సెట్‌తో వచ్చే కాగితంలోనే ఉంటుంది, నెట్‌లో ఎవరో చెప్పిన నంబర్ పెట్టకండి. కానీ తప్పు సెటప్‌లో వేల మైళ్ళు తిరిగిన పళ్ళు అలాగే అరిగిపోయి ఉంటాయి, వాటిని ఇప్పుడు కరెక్ట్‌గా సెట్ చేసినా కూత చాలాసార్లు పోదు, కొత్త గేర్లూ బేరింగులూ కలిపి వెయ్యడమే.

ఇంకోటి చెప్పాలి. వెనక అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌కి మెత్తటి రబ్బర్ బుష్ తీసేసి గట్టి పాలీ బుష్ వేస్తే, ఎప్పుడూ ఉన్న చిన్న గేర్ సౌండే కేబిన్‌లోకి నేరుగా వచ్చేస్తుంది. ఆ ఆర్మ్ డిఫరెన్షియల్ హౌసింగ్ పైనుంచి బాడీకి పట్టి ఉంటుంది మరి. పార్ట్ వేసిన వారంలోనే సౌండ్ వచ్చిందంటే డిఫ్ పాడవలేదు బ్రో, రబ్బర్ బుష్ మళ్ళీ పెట్టేయండి.

నొక్కినా వదిలినా ఒకటే గుర్రు

ఇది బేరింగ్ లక్షణం. ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఎడమకి కుడికి ఊపుతూ వెళ్ళండి. ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి మీద పడుతుంది కాబట్టి అప్పుడు గుర్రు పెరిగితే మామూలుగా కుడి యాక్సిల్ బేరింగ్. ఊపినా ఏ మార్పూ లేకుండా లోతుగా గొరగొర అంటుంటే క్యారియర్ (రింగ్ గేరు బిగించి ఉండే డబ్బా) బేరింగ్, సన్నగా వేగంగా గిర్రుమంటే పినియన్ బేరింగ్, ఎందుకంటే 3.55 గేర్లలో చక్రం ఒక్కసారి తిరిగేలోపు పినియన్ మూడున్నర సార్లు తిరుగుతుంది. పినియన్ ఫ్లాంజ్ (డ్రైవ్‌షాఫ్ట్ బిగించే చోటు) పట్టుకుని పైకీ కిందకీ ఊపితే ప్లే ఉండకూడదు, గుండ్రంగా తిప్పితే కొంచెం ప్లే మాత్రం మామూలే.

యాక్సిల్ బేరింగ్‌లో ఒక తిరకాసు ఉంది. దీనికి లోపలి రేస్ (రోలర్లు తిరిగే రింగు) ఉండదు, రోలర్లు డైరెక్ట్‌గా షాఫ్ట్ మీదే తిరుగుతాయి. అందుకే షాఫ్ట్ బయటికి తీశాక బేరింగ్ కూర్చునే చోట గోరు పెట్టి అడ్డంగా గీకండి, గోరు గాడిలో తట్టుకుంటే కొత్త బేరింగ్ వేసినా కొన్నాళ్ళకే మళ్ళీ మొదలు, షాఫ్ట్ కూడా మార్చాల్సిందే. గాడి తక్కువుంటే రోలర్లు వేరే చోట తిరిగేలా చేసే రిపేర్ బేరింగ్ దొరుకుతుంది, డబ్బులు కలిసొస్తాయి, నాకైతే కొత్త షాఫ్టే నయం. షాఫ్ట్ రావాలంటే క్రాస్ పిన్ (డిఫ్ లోపలి చిన్న గేర్లని పట్టుకునే పిన్) తీసి సీ-క్లిప్ (షాఫ్ట్ చివర పట్టుకునే క్లిప్) తియ్యాలి, పిన్ బయట ఉన్నప్పుడు పొరపాటున కూడా డ్రైవ్‌షాఫ్ట్ తిప్పకండి, చిన్న గేర్లు జరిగి కింద పడతాయి.

పార్కింగ్‌లో తిప్పితే వెనక కటకట వణుకు

ట్రాక్-లాక్ లోపలి క్లచ్ ప్లేట్లు పట్టి వదులుతున్నాయి. ఎవరో ఆయిల్ మార్చి ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్లు మెత్తగా జారేలా ఆయిల్‌లో కలిపేది) మర్చిపోయి ఉంటారు, లేదా ఆయిల్ బాగా పాతది. ఆయిల్ గ్రేడ్ మీ ఏడాది మాన్యువల్‌లో చూసి పొయ్యండి, జీటీకి సింథటిక్ 75డబ్ల్యూ-140 వాడతారు, దాంతో పాటు ఎక్స్‌ఎల్-3 మాడిఫయర్ చిన్న సీసా ఒకటి. ఖాళీ పార్కింగ్‌లో మెల్లగా ఎనిమిది అంకె ఆకారంలో కొన్ని రౌండ్లు తిప్పితే ప్లేట్లకి పడుతుంది. తగ్గలేదని ఇంకా ఇంకా పొయ్యకండి, లాక్ అవ్వడం మానేసి ఒక్క టైరే తిరుగుతుంది. అప్పటికీ వణుకుతుంటే ప్లేట్ల సెట్ మార్చాలి.

గేర్ వేసినా వదిలినా ఠప్

డిఫరెన్షియల్‌ని చివర్లో అనుమానించండి. కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, రెండు ముక్కల డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్లు, దాని మధ్య బేరింగ్ చూశాకే లోపల క్రాస్ పిన్, చిన్న గేర్ల వాషర్లు.

కవర్ తీసేటప్పుడు

బండి స్టాండ్ల మీద ఉండాలి, ఒట్టి జాక్ మీద కాదు. ముందు ఫిల్ ప్లగ్ వదులయిందో లేదో చూడండి, అది రాకుండా ఆయిల్ తీసేస్తే ఇరుక్కుపోతారు. కవర్‌కి 10 బోల్టులు, పైవి రెండు వదులుగా ఉంచి కింద నుంచి కవర్ ఎత్తితే ఆయిల్ ట్రేలోకి కారుతుంది. పాత సిలికాన్ గీకి బ్రేక్ క్లీనర్ కొట్టి కొత్త సిలికాన్ పెట్టి, ట్యూబ్ మీద రాసినంత సేపు ఆరాకే రెండు లీటర్ల దరిదాపు ఆయిల్ పొయ్యండి.

కొత్త గేర్లు వేశారా, మొదటి 500 మైళ్ళు లాంచ్‌లూ డ్రాగ్ స్ట్రిప్పూ వద్దు, మొదటి రోజు పావుగంటో ఇరవై నిమిషాలో తిప్పి పూర్తిగా చల్లారనివ్వండి, అలా రెండు మూడు సార్లు. 500 అయ్యాక ఆయిల్ మార్చి మాగ్నెట్ మళ్ళీ తుడవండి.