లూపస్ తిరగబెట్టిందా? వంకాయను తిట్టేముందు ఇవి చూడండి

సమస్య: లూపస్ (రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత ఒంటి మీదే పడే జబ్బు) ఉన్నవాళ్లకు కొన్ని నెలలు బాగానే గడిచి, మళ్లీ కీళ్లు పట్టేస్తున్నాయి. పొద్దున జొన్నరొట్టె తట్టబోతే వేళ్లు ముడుచుకోవు. ముక్కు మీద, రెండు బుగ్గల మీద ఎర్రగా కందుతోంది. ఏ పనీ చేయకున్నా ఒళ్లంతా నీరసం. ఇంట్లోవాళ్ల మొదటి ప్రశ్న: "నిన్న ఏం తిన్నవ్?"

తిండి సంగతి తర్వాత. ముందు గోళీల డబ్బా తెరవండి.

ముందుగా చూడాల్సింది: హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్, లూపస్‌కు రోజూ వాడే మందు) గోళీ రోజూ పడుతోందా? "వేసుకుంటున్న" అంటే చాలదు, షీట్లు లెక్కపెట్టండి. ఎంతమందికి చెప్పినా ఈ ఒక్క పని వదిలేసి మిగతావన్నీ వెతుకుతారు. ఈ మందు ఒంట్లో వారాల తరబడి నిలిచి ఉంటుంది. అందుకే మానేసిన వెంటనే ఏమీ కాదు, "ఆపినా మంచిగనే ఉన్న" అనిపిస్తుంది, ఆ తర్వాత తిరగబెడుతుంది. ఈ మందుతో కళ్లు పోతాయని భయపడి మానేసేవాళ్లు ఉంటారు. డోసు కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకుండా డాక్టరు చూస్తారు. మొదటి ఏడాదిలో ఒకసారి, 5 ఏళ్లు నిండాక ఏటా రెటీనా పరీక్ష చేయించుకోండి. కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా, ఉన్నపళంగా ఎప్పుడూ ఆపొద్దు.

గోళీలు సరిగ్గానే పడుతుంటే, అసలు దొంగ ఎండ.

"నేను ఎండకే పోను" అంటారు. నిజమే అనుకుంటారు కూడా. కానీ లూపస్‌ను రేపేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. మబ్బు పట్టినా అవి దిగుతాయి, వాటిలో ఒక రకం కిటికీ అద్దం దాటి వస్తుంది. చలికాలంలో పత్తి ఏరేటప్పుడు ఎండ హాయిగానే ఉంటుంది, కిరణాలు మాత్రం పడుతూనే ఉంటాయి. ఇంకో చిక్కు, ఎండ పడ్డ రోజే మచ్చలు రావు. వారానికో, ఒక్కోసారి రెండు మూడు వారాలకో బయటపడతాయి. ఈలోగా ఇంట్లో ఓ పెళ్లి జరిగి ఉంటుంది, యాట కూర తిని ఉంటారు, నింద దాని మీద పడుతుంది. పథ్యం పేరుతో వంకాయ, గుడ్డు, కందిపప్పు ఒక్కొక్కటే మానేసి మనిషి ఎండిపోతుంది, మచ్చలు మాత్రం తగ్గవు.

కాబట్టి క్యాలెండర్‌లో నిన్నటిని కాదు, మూడు వారాల వెనక్కి చూడండి. చేనుకు పోయారా? ఆసుపత్రికి బస్సులో పోయారా? మహబూబ్‌నగర్ నుంచి పొద్దున హైదరాబాద్ పోతుంటే ఎండ డ్రైవర్ కూర్చునే వైపు పడుతుంది, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అటే. రెండుసార్లూ ఎడమవైపు కూర్చోండి, కిటికీ పక్కన వద్దు. పలుచటి కొంగు ఆపదు. చేనులో చీర మీద వేసుకునే మందపాటి నిండు చేతుల అంగీ ఆపుతుంది. ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ ముఖానికే కాదు, చెవులకు, మెడకు, అరచేతుల వెనక్కి కూడా దండిగా రాయాలి, బయట ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. 10 నుంచి 4 దాకా పని ఉంటే నీడపట్టునే పెట్టుకోండి. ఇలా ఎండ తగ్గించినవాళ్లకు డి విటమిన్ తగ్గుతుంది, పరీక్ష చేయించి డాక్టరు చెప్పినంత వాడండి.

తిండిలో నిజంగా చూడాల్సింది ఉప్పు. స్టెరాయిడ్ వాడుతున్నా, బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నా ఆవకాయ, అప్పడాలు, వడియాలు తగ్గించాలి. స్టెరాయిడ్‌తో షుగర్ కూడా పెరగొచ్చు, తీపి మీద కన్నేసి ఉంచండి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప నిక్షేపంగా తినొచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మాత్రం పప్పు, గుడ్డు ఎంత తినాలో డాక్టరును అడగాలి. రోగనిరోధక శక్తి పెంచుతాయనే పొడులు, తిప్పతీగ కషాయం, అల్ఫాల్ఫా మొలకలు వద్దు. ఇక్కడ ఆ శక్తి తక్కువై జబ్బు రాలేదు, అదుపు తప్పి సొంత ఒంటి మీదే పడింది.

అరుదైనవి: సల్ఫా మందు (ఒక రకం యాంటీబయాటిక్) ఏదైనా కొత్తగా వాడితే డాక్టరుకు చెప్పండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగినవాళ్లకు మెడ, నడుము ఏళ్ల తరబడి మెల్లగా బిగుసుకుపోవడం వేరే కథ, అది లూపస్ కాదు.

నొప్పికని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఊరుకోవద్దు. నొప్పి మందులు కిడ్నీకి చేటు, పైగా లోపల జరుగుతున్నది కనపడకుండా పోతుంది. మూత్రంలో నురగ, కాళ్ల వాపు, జ్వరం, ఛాతీ నొప్పి, వీటిలో ఏది ఉన్నా పై లెక్కలన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి పోండి. మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష), బీపీ చూడమని మీరే అడగండి. రుమటాలజీ (కీళ్ల జబ్బులు, లూపస్ లాంటివి చూసే) విభాగం దగ్గర్లో లేకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది. పాత చీటీలన్నీ, గోళీల డబ్బాతో సహా తీసుకెళ్లండి.