ఒడిశాలో పర్లాకిమిడి వైపు తెలుగు రైతులకి: ఫోన్‌లో పంట సలహా ఎందుకు కుదరట్లేదు?

సమస్య: రైతులకి ఫోన్లో సలహా ఇచ్చే ప్రభుత్వ కిసాన్ కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒడియాలో పలుకుతారు, మన బాధ వాళ్లకి అర్థం కాదు.

మనకి ఒడియా రాక కాదు. కాశీనగర్, గుణుపురంలో సంతలో బేరమాడేంత ఒడియా ఎవరికైనా వచ్చు, తెగుళ్ల పేర్లే తెలుగులో ఉండిపోయాయి. మా చిన్నాన్న వరి రసం పీల్చే సుడిదోమని తనే ఒడియాలోకి తిప్పి 'మశా' అన్నాడు. అంటే రాత్రిపూట మనల్ని కుట్టే దోమ! ఇక అవతలివాళ్లు మాత్రం ఏం చెప్తారు? వరిలో సుడిదోమని ఒడియాలో చకడా పోక అంటారు, కాండం తొలిచే పురుగు కాండబింధా పోక. ఈ రెండూ కాగితమ్మీద రాసి ఫోన్ వెనక పెట్టుకోండి. నంబర్ 1800-180-1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, డబ్బులు పడవు.

సమస్య: వాన కబురు, పంట సలహా ఇచ్చే ప్రభుత్వ మేఘదూత్ యాప్‌లో తెలుగు సలహా రాదు.

అందులో సలహాలు జిల్లాల వారీగా, ఆ రాష్ట్రం భాషలో తయారవుతాయి. మీరు మన గజపతి జిల్లా పెట్టుకుంటే తెలుగెలా వస్తుంది? శ్రీకాకుళం కూడా చేర్చుకోండి, పంట సంగతులు అక్కడ తెలుగులో చదవండి. వాన కబురు మాత్రం గజపతిదే చూడాలి. మంగళ, శుక్రవారాల్లో కొత్తది పెడతారు.

సమస్య: తెగులు గుర్తుపట్టే యాప్‌లో ఫోటో పెడితే పూటకో పేరు చెప్తుంది.

ఇది ఎక్కువగా మన తప్పే. పసుపు పచ్చబడిన ఆకు కొస ఒక్కటే తీసి పెడతాం, నత్రజని తగ్గినా ఆకు అలాగే అవుతుంది, తెగులొచ్చినా అలాగే అవుతుంది, యాప్ మాత్రం ఎలా పోలుస్తుంది. పొద్దున్నే మడిలో దిగి, వరి దుబ్బుని పక్కకి వంచి నీళ్లకి కాస్త పైన చూడండి. చేత్తో తట్టితే గోధుమరంగు పురుగులు నీళ్లలో రాలి తేలితే అది సుడిదోమే, ఫోటో అక్కడిది తీయాలి. తెల్లకంకి కనిపిస్తే పట్టుకుని లాగండి. సులువుగా ఊడొచ్చి, అడుగున కొరికినట్టుంటే కాండం తొలిచే పురుగు, దానికి యాప్ కూడా అక్కర్లేదు.

సమస్య: పొలంలో వీడియో తిరుగుతూనే ఉంటుంది.

సిగ్నల్ లేదు, అంతే. ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి.

సమస్య: శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపులో సబ్సిడీ విత్తనాలని మెసేజ్ వచ్చింది, వెళ్తే ఇవ్వలేదు.

మీ భూమి కాగితం ఒడిశాది కదండీ. పురుగుకి సరిహద్దు లేదు గానీ సబ్సిడీకి ఉంది. సాగు సలహా ఎక్కడిదైనా వినండి, విత్తనాలకీ బీమాకీ మాత్రం శ్రీకాకుళం జిల్లా పాతపట్నం బస్సెక్కకుండా మన బ్లాక్ ఆఫీసులోనే అడగండి.