ఫ్రీజియన్ గుర్రం ఈనే ముందు జాగ్రత్తలు

ఈ నల్ల గుర్రాల పుట్టిల్లు నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్. 1879లో మొదలైన వంశావళి పుస్తకం జాతిని కాపాడింది. కానీ దగ్గరి రక్తం కలవడంతో కొన్ని జబ్బులూ పాతుకుపోయాయి. కాబట్టి జాగ్రత్త జత కట్టించకముందే మొదలవ్వాలి.

☐ మరుగుజ్జుతనం, తలలో నీరు చేరడం: ఈ రెండింటికీ తల్లికి, తండ్రికి జన్యు పరీక్ష చేయించండి. ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉంటే ఆ జత వద్దే వద్దు.

☐ చూలు దాదాపు 11 నెలలు. 320 రోజులు దాటాక రాత్రిళ్లు కాపలా తప్పదు. చనుమొనల చివర మైనంలాంటి బొట్లు గడ్డకడితే సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో ఈనుతుంది.

☐ కొట్టంలో రంపపు పొట్టు వద్దు, తడి పిల్లకు అంటుకుంటుంది. పొడి గడ్డి మందంగా పరవండి.

☐ డాక్టర్ నంబరు గోడ మీద రాసి ఉంచండి. తెల్లటి పొర బదులు ఎర్రటి మఖమల్‌లాంటి సంచి ముందుగా కనిపిస్తే ఎవరి కోసమూ ఆగకండి, వెంటనే చించి పిల్లను బయటకు తీయండి.

☐ అన్నిటికన్నా నాకు టెన్షన్ మాయ (కడుపులో పిల్లను పోషించి, ఈనాక బయటపడే పొర) గురించే. ఫ్రీజియన్లలో అది పడకుండా ఉండిపోవడం చాలా ఎక్కువ. ఈనాక 3 గంటలు దాటినా పడకపోతే డాక్టర్ రావాల్సిందే. చేత్తో లాగొద్దు. వేలాడే మాయను గుర్రం తొక్కకుండా పైకి ముడివేయండి. పడ్డాక నేల మీద పరిచి చూడండి, రెండు కాళ్ల లాగులా ఉంటుంది. ఒక కొస చిరిగి పోయినా ముక్క లోపలే ఉన్నట్టు అనుమానించాలి. అది కుళ్లితే గిట్టలు వాస్తాయి, తల్లి ప్రాణానికే ముప్పు.

☐ పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో ముర్రుపాలు తాగాలి.