మొండి పదకేళిని నలుగురు కలిసి విప్పడం ఎలా?

మామూలు పదకేళిలో, అంటే క్రాస్‌వర్డ్‌లో, "కాకతీయుల రాజధాని (4)" అని ఉంటుంది, బ్రాకెట్‌లోది గళ్ళ లెక్క. ఓరుగల్లు అని రాసేసి ముందుకెళ్తాం. గూఢమైన పదకేళిలో అదే జవాబుకు ఆధారం ఇట్లా వస్తుంది: "ఓ రూపాయి గల్లుమన్న పాత రాజధాని (4)". ఒక్కరే కూర్చుంటే ఆ రూపాయి దగ్గరే పొద్దుపోతుంది. నలుగురుంటే తొందరగా తేలుతుంది, కానీ నలుగురూ ఒక పద్ధతిలో కూర్చోవాలి.

ముందు ఈ ఆధారాన్నే విప్పుదాం. ఇట్లాంటి వాటిలో రెండు ముక్కలుంటాయి: జవాబుకు అర్థం చెప్పేది ఒకటి, అక్షరాలు పేర్చి చూపేది మరొకటి. అర్థం ఎక్కువగా మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. ఇక్కడ చివర ఉంది: పాత రాజధాని. మిగిలినవి ఓ, రూపాయి, గల్లు. రూపాయలను పొట్టిగా 'రు.' అని రాయడం పాత అలవాటే కదా. ఓ + రు + గల్లు. 'మన్న' ఒట్టి అతుకు, వాక్యం నడవడానికి పెట్టింది. చదవగానే కళ్ళ ముందు నాణెం మోగితే పజిల్ అల్లిన కూర్పరి గెలిచినట్టే. ఆ బొమ్మను పక్కకు నెట్టి ఒక్కో మాటనూ విడిగా చూడాలి.

కూర్చునే ముందు గళ్ళ లెక్క అందరికీ ఒకేలా తెలిసుండాలి. గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిపి ఒక్క గడే. రామప్ప 3, సమ్మక్క 3, మేడారం 3. పేచీ పొల్లు దగ్గర వస్తుంది. 'వరంగల్'లో చివరి 'ల్'కు విడి గడి ఇచ్చే కూర్పరులున్నారు, ఇవ్వనివారూ ఉన్నారు. అదే కూర్పరి పాత పజిల్, దాని జవాబులు ఒకసారి తిరగేస్తే తేలిపోతుంది.

ముగ్గురి నుంచి ఐదుగురు చాలు. ఆరో మనిషి వస్తే జవాబుల కంటే కేకలు ఎక్కువవుతాయి. అందరూ ఒకే రకం చదువరులైతే లాభం లేదు. ప్రబంధాలు చదివినవారు, సినిమా పిచ్చి ఉన్నవారు, పల్లె మాట మరిచిపోనివారు ఒక్కొక్కరైనా ఉండాలి. దప్పికకు రెండక్షరాల మాట అడిగితే కోస్తా నుంచి వచ్చి హనుమకొండలో స్థిరపడినాయన 'దాహం' అంటారు. ములుగు వైపు వారు 'దూప' అంటారు. రెండూ రెండక్షరాలే. నిలువు జవాబు 'ప' ఇచ్చేదాకా ఎవరిది ఒప్పో తెలియదు.

తలా ఒక జిరాక్స్, పెన్సిల్, రబ్బరు పెట్టుకోండి. అసలు కాగితం ఒకరి దగ్గరే ఉండాలి. మొదటి అరగంట ఎవరూ నోరు తెరవొద్దు. కొంతమంది అడ్డాలు నీకు, నిలువులు నాకు అని పంచుకుంటారు. అది పొరపాటు, ఎందుకంటే ఒకరికి తట్టని ఆధారాన్ని రెండో తల చూడనే చూడదు. అరగంట తర్వాత వరుసగా చెప్పుకుంటూ రండి. చెప్పేటప్పుడు జవాబుతో పాటు అది ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. విడగొట్టి చెప్పలేని జవాబును అసలు కాగితం మీద సన్నగా రాసి చుట్టూ సున్న చుట్టండి. పజిల్ సగంలో ఆగిపోయిందంటే, చాలాసార్లు ఇట్లా ఊహించి రాసిన మాటే పక్కవాటిని చెడగొట్టి ఉంటుంది. ముందు దాన్ని చెరిపేయండి.

ఏ మాట దేనికి సైగ చేస్తుందో గుర్తు పట్టడమే అసలు పని. చెదిరిన, తడబడిన, తారుమారు అంటే అక్షరాలు కలిపెయ్యమని: "వలన తారుమారైతే చదువుకోవచ్చు (3)", నవల. తల తీసేస్తే మొదటి అక్షరం పోతుంది: "తల తీసిన గోపురం పట్నమవుతుంది (2)", పురం. కడుపులో, నడుమ, మధ్య అంటే మాట అక్కడే దాక్కుని ఉంది: "చేపా కాలవా, నడుమ నర్సంపేట వైపు చెరువు (3)". చే-పా-కా-ల-వాలో పాకాల కనిపిస్తుంది. కాలువ అనకుండా 'కాలవ' అని రాశారంటే ఆ 'ల' కోసమే. రాత కొంచెం వింతగా ఉన్నచోట వేలు పెట్టి ఆగండి. ఏ సైగా లేకపోతే రెండర్థాల మాట కావచ్చు: "వరి పొలంలో పడేది, కోడికి ముందొచ్చేది (2)", నాటు.

అన్నిటికంటే ఎక్కువ తగవు 'తిరగబడిన' దగ్గర. "తిరగేసిన పలక టింబర్ డిపోలో దొరుకుతుంది (3)" అంటే కలప, నిండు మాట. కానీ తెలుగులో గుణింతాలు, వత్తులు కలిసేలా గళ్ళు అల్లడం కష్టం. అందుకని కూర్పరులు జవాబునే తిరగేసి గళ్ళలో పెట్టడం మామూలే. "వెనక్కి నడిచిన రాముడు (3)" అంటే 'డుమురా' అని నింపాలి. అర్థం లేని మాట వచ్చిందని భయపడొద్దు. ఏది తిరిగింది, ఆధారంలోని మాటా జవాబా అన్నది అడ్డంగా దాటే అక్షరంతో తేల్చుకోండి.

ఒకరికి తెలిసి మరొకరికి తెలియనప్పుడు జవాబు ఒక్కసారే చెప్పేయకండి. మొదట అర్థం ఏ వైపు ఉందో, తర్వాత ఏ రకం ఆధారమో, అప్పటికీ కాకపోతే ఒక్క అక్షరం. వాట్సాప్‌లో ఆడేవాళ్ళు "అడ్డం 7, అర్థం చివర" వరకే రాయాలి.

నిఘంటువు చివరి గంటకు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేసారి చాలా నిఘంటువులు వెతకొచ్చు. ఒంటి అక్షరం దగ్గర ఆగితే సంస్కృతం వైపు చూడండి: 'గో' ఆవు, 'ఖ' ఆకాశం, 'మా' లక్ష్మి. ఫోన్ తెరలు వద్దనుకుంటే హనుమకొండలో 1904లో పెట్టిన శ్రీరాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయంలో ఓ ఆదివారం కూర్చోండి.

జవాబులు అచ్చయ్యేదాకా అసలు కాగితం పారేయకండి. వచ్చాక సున్నలు చుట్టినవి ముందు చూడండి.