లోడు ట్రక్కుతో కట్ట దిగడం ఎలా? బరువు లెక్క, బ్రేకు పద్ధతి, చట్టం

కోతలు మొదలైతే నెల్లూరు డెల్టాలో కయ్యల నుంచి మిల్లుల దాకా ధాన్యం ట్రక్కులు, అంటే ట్రాక్టరు వెనుక తగిలించే ట్రెయిలర్లు, రాత్రింబవళ్లు తిరుగుతాయి. పెన్నా ఒడ్డున ఇసుక, ప్రకాశం జిల్లా మెట్ట మండలాల్లో జామాయిల్ కర్ర, పొగాకు బేళ్లు, చీమకుర్తి వైపు రాయి, ఇలా సరుకు ఏదైనా లాగేది ట్రాక్టరే. ఇరవై రెండేళ్లుగా నేను ఈ పని చేస్తున్నాను. ప్రతి పంటకూ ఏదో ఒక కాలువకట్ట పక్కన బోల్తా పడిన ట్రక్కు కనిపిస్తూనే ఉంది, కారణం అడిగితే ప్రతిసారీ దాదాపు ఒకే సమాధానం వస్తుంది. ట్రాక్టరు ఎంత బరువు లాగుతుందో చూసి లోడు వేస్తున్నారు గాని, ఎంత బరువును ఆపగలదో ఎవరూ లెక్క వేయడం లేదు.

మొదటి పని: ఆర్.సి. చూసి పుట్లు లెక్కగట్టడం

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. కాబట్టి మీ ట్రక్కుకు దాని సొంత ఆర్.సి., సొంత నంబరు ఉండాలి. ఆ ఆర్.సి.లో ఖాళీ బరువు, లోడుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు అని రెండు అంకెలు ఉంటాయి. రెండో అంకెలోంచి మొదటిది తీసివేయగా మిగిలినదే మీరు వేయదగిన సరుకు. ట్రక్కు తయారుచేసిన షెడ్డువారు నోటిమాటగా చెప్పిన సామర్థ్యానికి చట్టం దగ్గర విలువ లేదు.

ఉదాహరణకు ఖాళీ బరువు 1,700 కిలోలు, గరిష్ఠ బరువు 6,500 కిలోలు అనుకుందాం. మీరు వేయదగింది 4,800 కిలోలు. మన నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు గనుక, ఐదు పుట్లకు 4,250 కిలోలు అవుతుంది, ఆరో పుట్టి వేస్తే 5,100 కిలోలై హద్దు దాటిపోతుంది. అదే ట్రక్కులో ఎనిమిది పుట్లు వేస్తే సరుకు 6,800 కిలోలు, అంటే సరిగ్గా రెండు టన్నులు అదనం. చట్టంలోని 194వ సెక్షన్ ప్రకారం అదనపు బరువుకు జరిమానా 20,000 రూపాయలు, దానిపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు, అంటే ఈ లోడుకు 24,000 రూపాయలు. అదనపు సరుకు దించేదాకా బండిని కదలనివ్వరు, దించే కూలి కూడా మీదే. మూడు పుట్లకు ఇంకో ట్రిప్పు వేయడానికి అయ్యే డీజిలుతో దీన్ని పోల్చుకోండి.

ఇసుక దగ్గర పొరపాటు ఇంకా పెద్దది, ఎందుకంటే దాన్ని కొలిచేది ఘనపుటడుగుల్లో. వంద ఘనపుటడుగుల పొడి ఇసుక సుమారు నాలుగున్నర టన్నులు ఉంటుంది. ఏటి నుంచి అప్పుడే తీసిన తడి ఇసుకైతే అదే కొలతకు ఐదు టన్నులు దాటుతుంది. గ్రానైటు ఘనమీటరుకు రెండున్నర టన్నుల పైమాటే. అందుకని మొదటి లోడును తప్పనిసరిగా కాటా వేయించి, ఆ చీటీ దగ్గర పెట్టుకోవాలి. మిగతా ట్రిప్పులకు అదే కొలత ఆధారం. లారీలకు బరువు పెంచారు గదా అని కొందరు వాదిస్తారు. 2018 జులైలో కేంద్రం లారీల యాక్సిల్ (ఇరుసు) బరువు పరిమితులను పెంచిన మాట నిజమే. మీ ట్రక్కు ఆర్.సి.లోని అంకె మారనంతవరకు ఆ పెంపు మీకు పనికిరాదు.

రెండో పని: తగిలించడం, లోడు సర్దడం

హుక్కులో పిన్ను దించాక దానికి కింద క్లిప్పు పెట్టాలి, వైరుముక్క చుట్టకూడదు. హుక్కు ఊడినా ట్రక్కు విడిపోకుండా ఒక గొలుసు వేయాలి. టైర్లలో గాలి, చక్రాల బోల్టులు, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), వెనుక లైట్లు, రేడియం స్టిక్కర్లు చూసుకోవాలి. తాడు కొబ్బరిది వాడాలి. నైలాన్ తాడు సాగుతుంది, ముడి జారుతుంది, చేతులు కోస్తుంది. చౌక అని కొన్న ప్రతివాళ్లూ దారిలో రెండుసార్లు ఆగి బిగించుకోవడమే నేను చూశాను.

రెండు చక్రాల ట్రక్కులో బరువు ఇరుసుకు కొంచెం ముందుగా పడేట్టు సర్దాలి. వెనుక ఎక్కువైతే హుక్కు పైకి లేచి, ట్రాక్టరు పెద్ద చక్రాలకు నేల పట్టు తగ్గుతుంది. అతిగా ముందుకు పడితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగు పనిచేయదు. బరువైన బస్తాలు అడుగున, తేలికవి పైన వేయాలి. వరిగడ్డి, జామాయిల్ కర్ర తోలేవారు బరువు తక్కువేగదా అని ధీమాగా ఉంటారు. లోడు పక్కలకు గాని, ముందుకు వెనుకకు గాని, ఎత్తులో గాని అనుమతించిన హద్దు దాటితే 194వ సెక్షన్ కిందే 20,000 రూపాయల జరిమానా ఉంది, అది బరువుతో సంబంధం లేనిది.

ట్రక్కు దిగబడినప్పుడు గొలుసును టాప్ లింకుకో (ట్రాక్టరు వెనుక పైన పనిముట్లు తగిలించే రాడ్డు), వెనుక ఇరుసుకో కట్టి లాగడం మాత్రం ఎన్నడూ చేయకండి. లాగే చోటు ఇరుసు ఎత్తులోనో, అంతకన్నా పైనో ఉంటే ట్రాక్టరు ముందుభాగం లేచి వెనక్కి తిరగబడుతుంది, డ్రైవరు దూకడానికి సెకను కూడా వ్యవధి ఉండదు. ఎంత కష్టమైనా కింద ఉన్న డ్రా బారుకే (లాగడానికి ఉన్న కమ్మీకే) కట్టాలి.

మూడో పని: కట్ట దిగడం

ప్రాణాలు పోయేది ఇక్కడే. 45, 50 హార్స్‌పవర్ ట్రాక్టరు సొంత బరువు సుమారు రెండు టన్నులు. పైన చెప్పిన ట్రక్కు నిబంధన ప్రకారమే నింపినా ఆరున్నర టన్నులు, అంటే ట్రాక్టరుకు మూడింతలు. మన ఊళ్లలో చాలా ట్రక్కులకు బ్రేకులే ఉండవు. మెరక మీద ట్రక్కును ట్రాక్టరు లాగుతుంది, పల్లంలో ట్రక్కే ట్రాక్టరును నెడుతుంది. ఆ నెట్టుడును ఆపవలసింది ట్రాక్టరు రెండు పెద్ద చక్రాలు, దాని ఇంజను మాత్రమే. వేగం రెండింతలైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి, దిగడం మొదలయ్యాక సరిదిద్దుకుందామనే ఆలోచన పనికిరాదు. చేయవలసినవన్నీ కట్ట పైనే, బండి నిలిచి ఉండగానే చేయాలి.

కట్ట పైన ఆపి, ట్రాక్టరు దిగి, ఆ వాలును ఒకసారి నడిచి చూడాలి. నిన్న దిగిన దారే అయినా రాత్రి కాలువ నీళ్లు ఊరి మెత్తబడి ఉండవచ్చు, అంచు కోసుకుపోయి ఉండవచ్చు. తడి బంకమట్టి ఉంటే దిగవద్దు, చుట్టుదారి ఎంత దూరమైనా అటే పోవాలి.

తరువాత రెండు బ్రేకు పెడళ్లను కలిపే లాచ్ వేసి ఉందో లేదో చేత్తో తాకి చూడాలి. దుక్కిలో మలుపు తిప్పడానికి దాన్ని విడదీస్తాం, మళ్లీ వేయడం మరిచిపోతాం. లాచ్ లేకుండా ఒక పెడలే తొక్కితే ఒక చక్రమే ఆగుతుంది, ట్రాక్టరు గిర్రున ఆ వైపు తిరుగుతుంది, వెనుక ట్రక్కు దాన్ని మడిచి బోల్తా కొట్టిస్తుంది. 2009లో ఎడగారు (రెండో పంట) కోతలప్పుడు ఇది నాకే జరిగింది. పొద్దున దుక్కి దున్ని, సాయంత్రం అదే ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి ఆరు పుట్లు వేసుకుని కట్ట మీదికి వచ్చాను. తొక్కిన పెడలు కుడిది, ట్రాక్టరు కుడివైపు కాలువలోకి తిరిగింది. కట్టకు వారగా ఉన్న తుమ్మమొద్దుకు ముందు చక్రం తగిలి ఆగింది గనుక ఈ మాటలు రాయగలుగుతున్నాను. లోడు మీద కూర్చున్న ఇద్దరు కూలీలు అప్పుడే దిగి నడుస్తున్నారు, లేకపోతే ఏమయ్యేదో ఈనాటికీ ఆలోచించలేను. ఆ రోజు నుంచి ట్రక్కు పిన్ను దించిన మరుక్షణం లాచ్ వేస్తాను, నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ ఈ రెండూ ఒకే పనిగా నేర్పాను.

ఇక గేరు. ఏ గేరులో ఆ వాలును లోడుతో ఎక్కగలరో, అదే గేరులో దిగాలి. కట్ట పైన నిలిచి ఉండగానే లో రేంజిలో (తక్కువ వేగపు గేర్ల వరుసలో) ఆ గేరు వేసి, చేతి యాక్సిలరేటరు పూర్తిగా తగ్గించి, క్లచ్చు మెల్లగా వదలాలి. ఆ తరువాత అడుగుకు చేరేదాకా క్లచ్చు మీద కాలు పెట్టకూడదు. క్లచ్చు తొక్కిన క్షణంలో ఇంజనుకు, చక్రాలకు సంబంధం తెగిపోతుంది, ఎనిమిదిన్నర టన్నుల బండిని ఆపే భారమంతా బ్రేకు మీదే పడుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి వదిలేవారిని అనుభవజ్ఞుల్లోనూ చూశాను. వేగం అందుకున్నాక మళ్లీ గేరు పడదు, పళ్లు గీరుకుంటున్న చప్పుడు వింటూ కిందికి పోవడమే. వాలు దిగేటప్పుడు గేరు మార్చడం కూడా న్యూట్రల్ చేయడంతో సమానమే, ఎందుకంటే మార్చే ఆ రెండు క్షణాలూ బండి మీ అదుపులో ఉండదు.

ట్రాక్టరూ ట్రక్కూ ఒకే గీతలో ఉండగానే వాలులోకి దిగాలి. కట్ట మీద అడ్డంగా వచ్చి, వాలు మధ్యలో తిప్పుకోవడం చేయకూడదు. కొంచెం వంకరగా ఉన్నా ట్రక్కు నెట్టే బలం పక్కకు పడి ట్రాక్టరు మడతపడుతుంది. వేగం పెరగకముందే బ్రేకును తేలికగా నొక్కి వదులుతూ ఉండాలి. వెనుక చక్రాలు తిరగడం ఆగి జారుతున్నట్టు అనిపిస్తే భయంతో ఇంకా గట్టిగా తొక్కకూడదు. బ్రేకు వదిలి, కాస్త యాక్సిలరేటరు ఇచ్చి చక్రాన్ని మళ్లీ తిరగనివ్వాలి, తిరిగే చక్రానికే నేల పట్టు ఉంటుంది. నీళ్లలో దిగి దాటి వచ్చిన వెంటనే, పాత పొడి బ్రేకులున్న ట్రాక్టరైతే, చదును మీద నాలుగుసార్లు బ్రేకు నొక్కి ఆరబెట్టుకున్నాకే వాలుకు రావాలి. ఆయిల్ బ్రేకుల (నూనెలో మునిగి ఉండే బ్రేకుల) ట్రాక్టర్లకు ఈ బాధ చాలావరకు లేదు, అందుకే లోడు పనికి నేను వాటినే కొనమంటాను. కొత్త ట్రక్కు చేయించేవారు దానికీ బ్రేకులు పెట్టించుకోవాలి, ఆ ఖర్చు దగ్గర వెనకాడవద్దు.

పల్లెల్లో ఇంకో పద్ధతి ఉంది. ఒక కుర్రవాడు రాయో మొద్దో పట్టుకుని ట్రక్కు పక్కనే పరుగెత్తుతూ, బండి జారితే చక్రం కింద వేస్తాడు. ఇది వెంటనే మానేయాలి. కదులుతున్న ఆరు టన్నుల ముందు చేయి పెట్టమని ఎవరి బిడ్డకూ చెప్పకూడదు. బండి పూర్తిగా నిలిచాక అడ్డు పెట్టడానికే మొద్దులు. రాయి లేకుండా దిగలేనంత లోడు ఉంటే, సగం కట్ట పైనే దించి రెండుసార్లు దిగాలి.

రోడ్డెక్కాక

పల్లె దారిలో గంటకు 15 కిలోమీటర్లు, తారురోడ్డు మీద 20, అంతకు మించి లోడు బండిని తోలకూడదు. పదహారో నంబరు జాతీయ రహదారి వెంట సర్వీసు రోడ్డు ఉన్నంతమేరా దాని మీదే పోవాలి. చీకటి పడ్డాక వెనుక లైటు లేని ట్రక్కు వేగంగా వచ్చే లారీకి, కారుకు కనిపించదు. రోడ్డుపక్కన ఆపవలసి వస్తే తారు పూర్తిగా దిగి ఆపాలి. ట్రాక్టరు నంబరును ట్రక్కు వెనుక కూడా రాయించడం చట్టం అడిగే విషయమే, బురద కప్పితే తుడుచుకోవాలి.

తనిఖీ అధికారి కాటాకు రమ్మంటే ఆపి వెళ్లడమే మేలు. ఆపకపోయినా, తూకానికి ముందే దారిలో కొంత సరుకు దించేసినా జరిమానా 40,000 రూపాయలు, అంటే మన ఉదాహరణలోని అదనపు లోడు జరిమానాకన్నా ఎక్కువ.

యజమాని తెలుసుకోవలసింది

బండి తోలింది డ్రైవరు గనుక తప్పు అతనిదే అనుకుంటారు యజమానులు. అధిక లోడు యజమానికి తెలిసే, లేదా అతని ఆజ్ఞతోనే జరిగిందని కోర్టు భావించవచ్చునని 113వ సెక్షన్ చెబుతోంది. ప్రమాదంలో మనిషి చనిపోతే ఇది జరిమానాతో పోదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్లే. ఆర్.సి.లోని అంకెకు రెండు టన్నులు మించిన కాటా చీటీ ఆ కేసులో మీకు ఎదురు సాక్ష్యమవుతుంది.

బీమా సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ట్రాక్టరుకు, ట్రక్కుకు రెండింటికీ బీమా ఉండాలి. వ్యవసాయ అవసరాలకని బీమా చేయించి కిరాయికి ఇటుకలు, ఇసుక తోలుతుంటే, పరిహారం వేళ బీమా సంస్థ మొదట పట్టుకునేది ఆ తేడానే. లోడు మీద కూలీలను ఎక్కించుకునేవారు మరీ జాగ్రత్తగా వినాలి. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత వహించదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుటుంబాలకు కట్టవలసిన లక్షలు మీ పొలం అమ్మి కట్టవలసి రావచ్చు, వాళ్లకు అది కూడా అందకపోవచ్చు. నాట్లకు, కోతలకు వచ్చే ఆడవాళ్లను ధాన్యం బస్తాల మీద, ట్రాక్టరు మడ్‌గార్డుల మీద కూర్చోబెట్టి తెచ్చే అలవాటు మన రెండు జిల్లాల్లోనూ ఉంది. వాళ్లకు వేరే ఆటో మాట్లాడండి. ఆ ఆటో కిరాయిని కూలి డబ్బుల్లోంచి కోయకుండా లోడు కిరాయిలోనే కలిపి రైతుతో ముందే చెప్పుకోండి. నేను పదిహేనేళ్లుగా అలాగే చెబుతున్నాను, ఇంతవరకు ఒక్క రైతూ కాదనలేదు.